నాలుగేళ్ళు మేకుకి వేలాడిన ఆది

మా వీధి చివర టైలర్ అక్క కొట్లో, గోడ మేకుకి నా పలాజో ప్యాంటు ఒకటి నాలుగేళ్ళు వేలాడింది. నేను తెచ్చుకోవడం మర్చిపోయింది కాదది. ఆది. జాకెట్టుకి ఇచ్చినట్టే, చూసి కొత్తది కోయడానికి ప్యాంటుకీ ఒక ఆది ఇచ్చాను. అప్పట్నుంచి కొత్త బట్ట కొన్నప్పుడల్లా ఫోన్ చేస్తే ఆవిడది ఒకటే మాట: "నీ ఆది నా దగ్గరే ఉంది కదమ్మా, గుడ్డ పంపించు చాలు." పంపించేదాన్ని. నాలుగు రోజుల్లో ప్యాంటు ఇంటికి వచ్చేది. అలా ఏడు ప్యాంట్లు కుట్టించుకున్నాను. ఏడింటికీ ఒకటే జబ్బు. నిలబడితే బాగుంటాయి, కూర్చుంటే వెనక నడుము రెండంగుళాలు కిందికి దిగిపోతుంది.

ఈ సంగతి నాకు బాగా తెలిసొచ్చింది విశాఖ మధురవాడలో మా పెద్దనాన్నగారి అబ్బాయి గృహప్రవేశం రోజున. సత్యనారాయణ వ్రతం, అందరం కింద చాపల మీద కూర్చున్నాం. మొదటి కథ అయ్యేసరికే చెయ్యి వెనక్కి పెట్టి కుర్తా లాక్కోవడం మూడుసార్లు అయింది. ఐదు కథలూ పూర్తయ్యేసరికి లెక్క తప్పింది. పక్కనున్న మా పిన్ని నా చెవి దగ్గరికి వంగి, "ఏటే ఆ లాగుడు? శుభ్రంగా చీర కట్టుకుని రావలసింది" అంది. నవ్వేసి ఊరుకున్నాను గానీ, అక్కయ్యపాలెం వచ్చేదాకా ఆటోలో అదే ఆలోచన. ఏడు ప్యాంట్లు కుట్టించుకున్నాను, ఏడు తడవలు డబ్బులిచ్చాను, ఒక్కసారి కూడా నా ఒంటి మీద ఎవరూ టేపు పెట్టలేదేమిటి? నేనైనా పెట్టమని ఎందుకు అడగలేదు?

ఆ ఆది ఎక్కడిదో గుర్తు చేసుకుంటే ఇంకా సిగ్గేసింది. జగదాంబ దగ్గర కొన్న రెడీమేడ్ పలాజో అది. మీద 'ఫ్రీ సైజ్' అని రాసుంది. కొన్నప్పుడే వెనక కాస్త జారేది, ఎలాస్టిక్ వదులేమో అనుకున్నాను. ఉన్నవాటిలో అదే నయం కాబట్టి ఆదిగా ఇచ్చాను. అంటే ఎక్కడో ఫ్యాక్టరీలో ఎవరి ఒంటికీ కాకుండా అందరికీ అన్నట్టు కోసిన ప్యాంటుకి నేను డబ్బులిచ్చి మరీ ఏడు నకళ్ళు తీయించుకున్నాను.

జాకెట్టు ఆది మీద నాకు ఏ ఫిర్యాదూ లేదు. ఒక్కో ఆది జాకెట్టు వెనక ఇరవై ఏళ్ళ దెబ్బలాట ఉంటుంది. భుజం జారిందని, చంక పట్టేసిందని, మెడ పెద్దదైందని పదిసార్లు తిరగ్గొట్టి, విప్పించి, కుట్టించి, చివరికి "ఇది కుదిరింది, ఇక దీన్ని ముట్టుకోవద్దు" అని తేల్చుకున్నాకే అది ఆది అవుతుంది. ప్యాంటు దగ్గరికొచ్చేసరికి ఆ దెబ్బలాట మనం పెట్టుకోలేదు. వదులు ప్యాంటే కదా, దానికేం కొలతలు అనుకున్నాం. నేను కాదనదలచుకున్నది సరిగ్గా ఈ మాటనే. వదులు ప్యాంటుకి కొలత అక్కర్లేదన్నది తప్పు. తొడ దగ్గరా పాదం దగ్గరా ఎంత వదులున్నా పరవాలేదు గానీ, రెండు కాళ్ళూ కలిసే చోట కొలత కుదరకపోతే మిగతా వదులంతా దండగ.

యూట్యూబులో పలాజో కటింగ్ వీడియోలు చూసే ఉంటారు. బట్టను నాలుగు మడతలు వేస్తారు, దాని మీద పాత ప్యాంటు పరుస్తారు, చుట్టూ సుద్దతో గీస్తారు, ఒక్క కోతతో నాలుగు ముక్కలూ వచ్చేస్తాయి. పది నిమిషాల్లో కటింగ్ అయిపోతుంది. చూడ్డానికి ఎంతో హాయిగా ఉంటుంది. కానీ ఆ కోతలో ముందు ముక్కలూ వెనక ముక్కలూ అచ్చు ఒకేలా వస్తాయి. మనిషికి ముందూ వెనకా ఒకేలా ఉన్నాయా? ముందు పొట్ట కింద నుంచి బట్ట దాదాపు తిన్నగా దిగుతుంది. వెనక పిరుదుల మీదుగా గుండ్రంగా తిరిగి రావాలి, కూర్చుంటే ఇంకా సాగాలి. అందుకే ప్యాంటు కోయడం తెలిసినవాళ్ళు సీటు దగ్గర వెనక వంపుకి, ముందు వంపుకన్నా దాదాపు రెట్టింపు గుడ్డ లోపలికి వదులుతారు. వెనక నడుము కూడా ముందుకన్నా ఎత్తుగా ఉంచుతారు. నాలుగు మడతల కోతలో ఈ రెండూ పోతాయి. నిలబడినంతసేపు ఆ లోటు మడతల్లో దాక్కుంటుంది. కూర్చోగానే వెనక కావలసిన గుడ్డ ఎక్కడో ఒకచోటి నుంచి రావాలి కాబట్టి నడుము నుంచి లాక్కుంటుంది. వ్రతంలో నేను పీటల మీదున్న దంపతులకన్నా ఎక్కువ అవస్థ పడింది అందుకే.

దానికి మందుగా మా ఆఫీసులో ఒకావిడ చెప్పిన ఉపాయం, సీటు, అంటే కాళ్ళు రెండూ కలిసే చోటు, బాగా కిందికి దించి కుట్టించుకోమని. "లోతు ఎక్కువుంటే ఫ్రీగా ఉంటుంది" అంది. ఎనిమిదో ప్యాంటు అలాగే కుట్టించాను. అది ఇంకా ఘోరం. మేడమెట్లు ఎక్కుతుంటే రెండు మోకాళ్ళనీ కలిపి కట్టేసినట్టుంది. స్కూటీ ఎక్కాలంటే ప్యాంటు మొత్తం చేత్తో పైకి లాక్కోవాల్సి వచ్చేది.

ఎందుకలా అయిందో అర్థం కావాలంటే జాకెట్టు చంక గుర్తు తెచ్చుకోండి. చంక కిందికి వదులుగా దించేసిన జాకెట్టు వేసుకుని దండెం మీద బట్టలు ఆరేస్తే, చెయ్యెత్తగానే జాకెట్టు మొత్తం పైకి లేస్తుంది. చంక పైకి, ఒంటికి దగ్గరగా ఉన్న జాకెట్టుతో ఎంత పైకి చెయ్యెత్తినా నడుము దగ్గర అంచు కదలదు. కీలు ఎక్కడుందో బట్టలో కీలూ అక్కడే ఉండాలన్నమాట. కాళ్ళు విడిపోయే చోటు కింద నాలుగంగుళాల వరకూ ప్యాంటు కాళ్ళు కలిసే ఉంటే, ఆ నాలుగంగుళాలూ లంగాతో సమానం. లంగా కట్టుకుని అంగలు వేయలేం కదా. ఇది బట్టల షాపుల్లో ఎవరూ చెప్పరు. వాళ్ళకి వదులు అంటే ఎక్స్ఎల్, ఇంకా వదులు అంటే డబుల్ ఎక్స్ఎల్.

సరే, ఇక ఆది మానేసి కాగితం మీదికి వెళ్దామనుకున్నాను.

కాగితం మీద కటింగ్ మనకేం కొత్త కాదు. టైలరింగ్ నేర్చుకునే ఆడపిల్లలందరూ మొదటి నెలంతా దినపత్రికల మీదే జాకెట్లు కోస్తారు. మా అమ్మ కూడా అలాగే నేర్చుకుంది. ఆవిడ నల్లటి ఉషా కాలి మిషను ఇప్పటికీ మా ఇంట్లో కిటికీ పక్కనే ఉంది. 2014 అక్టోబరులో హుద్‌హుద్ తుఫాను వచ్చి రోజుల తరబడి కరెంటు లేనప్పుడు మా ఇంట్లో పనిచేసిన మిషను అదొక్కటే. ఆ వారంలోనే అమ్మ, గాలికి చిరిగిపోయిన కర్టెన్లన్నీ సంచులుగా కుట్టేసింది. కాబట్టి మిషనుకి లోటు లేదు. నాకు కావలసింది ముందూ వెనకా వేరువేరుగా గీసిన సరైన నమూనా.

ఇలా సైజుల వారీగా కాగితం నమూనాలు అమ్మడం అమెరికాలో మసాచుసెట్స్‌కి చెందిన ఎబెనెజర్ బటరిక్ అనే టైలర్ 1863లో మొదలుపెట్టాడు. నూటఅరవై ఏళ్ళ పైమాట. ఇప్పుడైతే ఇంట్లో కూర్చుని పీడీఎఫ్ దించుకోవచ్చు. వెడల్పు కాళ్ళ ప్యాంటు, నడుముకి ఎలాస్టిక్, పక్క జేబులు ఉన్నది ఒకటి చూసి దించుకున్నాను. అమెరికా వాళ్ళది. ఇరవై నాలుగు పేజీలు, అన్నీ ప్రింటు తీసి, అంచులు కత్తిరించి, టేపుతో అతికిస్తే ఒక పెద్ద కాగితం అవుతుంది.

అక్కడే మొదటి దెబ్బ తిన్నాను. దగ్గర్లోని జిరాక్స్ షాపులో ఇరవై నాలుగు పేజీలూ తీయించుకుని, రాత్రి భోజనాలయ్యాక హాల్లో నేల మీద పరిచి, గంటన్నర కూర్చుని అతికించాను. మా ఆయన టీవీకి అడ్డం వస్తున్నానని గునుస్తూనే సెల్లోటేపు ముక్కలు తుంచి ఇచ్చారు. అంతా అయ్యాక చూస్తే, మొదటి పేజీలో మూలన ఒక చిన్న చదరం. 'ఈ గడి నాలుగంగుళాలు ఉండాలి, కొలిచి చూసుకోండి' అని దాని కింద రాసుంది. స్కేలు పెట్టాను. మూడుముప్పావు ఉంది.

పావు అంగుళమే కదా అనిపిస్తుంది. కానీ నాలుగంగుళాలకి పావు తగ్గితే, సీటు చుట్టూ 47 అంగుళాలు రావలసిన ప్యాంటుకి దాదాపు మూడంగుళాలు తగ్గుతుంది. జరిగింది ఏమిటంటే, అమెరికాలో వాడే లెటర్ కాగితం మన ఏ4 కన్నా కాస్త వెడల్పు, పొడవు మాత్రం తక్కువ. పేజీకి సరిపడేలా కుదించమని ప్రింటరుకి ఉన్న సెట్టింగు, కొలతల్ని కూడా చక్కగా కుదించేసింది. షాపబ్బాయిని అనడానికేం లేదు, నేను చెప్పలేదు. మర్నాడు వెళ్ళి, "బాబూ, మొదటి పేజీ ఒక్కటే తియ్యి, వంద శాతం పెట్టు, ఏమీ కుదించకు" అని చెప్పి, అక్కడే కౌంటరు మీద స్కేలు పెట్టి కొలిచి, నాలుగు వచ్చాకే మిగతావి తీయించాను. అబ్బాయి నన్ను వింతగా చూశాడు. చూడనీ.

ఇప్పుడు కొలతలు. నడుము 36, సీటు (పిరుదుల చుట్టూ) 43. ఇవి అందరూ తీస్తారు. ఎవరూ తీయనివి రెండున్నాయి. ఒకటి, కుర్చీలో తిన్నగా కూర్చుని నడుము పక్క నుంచి కుర్చీ చెక్క దాకా ఎంతుందో చూడటం. అది సీటు లోతు, నాకు పదకొండు. రెండోది, టేపు ఒక కొస ముందు నడుము దగ్గర పట్టుకుని, కాళ్ళ మధ్య నుంచి వెనక్కి తీసుకెళ్ళి, వెనక నడుము దాకా కొలవడం. ఇది ఏ టైలరూ తీయడు, తీయమని మనమూ అడగం, మొహమాటం. ఇంట్లో తలుపేసుకుని ఎవరికి వాళ్ళు తీసుకోవలసిన కొలత. నిలబడి తీస్తే నాకు ఇరవైతొమ్మిదిన్నర వచ్చింది. సరే అని రాసుకోబోతూ వ్రతం గుర్తొచ్చి, నేల మీద బాసింపట్టు వేసుకుని కూర్చుని మళ్ళీ తీశాను. ముప్ఫైఒకటి!

నమూనా మీద అదే గీత వెంట టేపును నిలువుగా అంచు మీద నిలబెట్టి నడిపిస్తే, ముందు పన్నెండున్నర, వెనక పదహారు. మొత్తం ఇరవైఎనిమిదిన్నర. ఆ నమూనా గీసినవాళ్ళది కుర్చీల లోకం. అందులో తప్పేం లేదు. కింద కూర్చుని కూరగాయలు తరిగేవాళ్ళనీ, చాప మీద రెండు గంటలు వ్రతం వినేవాళ్ళనీ వాళ్ళు ఊహించుకోలేదంతే. మనం చేయవలసిందల్లా తేడా రెండున్నర అంగుళాల్ని మన చేత్తో కలపడం. అంతా వెనక ముక్కకే కలిపాను. పైన నడుము దగ్గర వెనక మధ్యలో ఒకటిన్నర అంగుళం ఎత్తు పెంచి, పక్క కుట్టు దగ్గరికి వచ్చేసరికి సున్నా అయ్యేలా వాలుగా గీశాను. మిగతా అంగుళం కింద కాళ్ళు కలిసే మొన దగ్గర పొడిగించాను. ముందు ముక్కని అస్సలు ముట్టుకోలేదు.

కాగితం నమూనాకీ ఆదికీ తేడా నాకు అక్కడే తెలిసింది. కుట్టేసిన ప్యాంటులో వెనక ఒక అంగుళం తక్కువైందని కంటికి కనపడదు. ఏదో కుదర్లేదని మాత్రం తెలుస్తుంది. టైలర్ అక్కకి "వెనక జారుతోంది" అని చెబితే, "ఎలాస్టిక్ బిగిస్తాలే" అంటుంది. బిగిస్తే నడుము మీద ఎర్రగా వాత పడుతుంది, ప్యాంటు మాత్రం జారుతూనే ఉంటుంది. కాగితం మీదైతే తక్కువైన అంగుళం టేపుకి దొరుకుతుంది. దొరికితే గీత జరపొచ్చు. జరిపింది రేపు మళ్ళీ అక్కడే ఉంటుంది.

అసలు బట్ట మీద కత్తెర పెట్టేముందు పాత దుప్పటితో ఒకటి కుట్టి చూశాను. పెద్ద పెద్ద మందార పువ్వుల దుప్పటి. కుట్టి వేసుకుని హాల్లోకి వస్తే మా అమ్మాయి, "అమ్మా, మంచం నడిచొస్తోంది" అని నవ్వు. నవ్వితే నవ్వింది, మొబైల్లో ఫోటోలు తీయమన్నాను: ముందు, వెనక, పక్క, కూర్చుని. ముడతలు నిజం చెబుతాయి. సీటు దగ్గరి నుంచి తొడల వైపు ఏటవాలుగా గీతల్లాంటి ముడతలుంటే, అక్కడ గుడ్డ చాలక లాగుతోందని. పిరుదుల కింద అడ్డంగా ముడత పడితే అక్కడ గుడ్డ ఎక్కువైందని. నాకు రెండోది కొంచెం వచ్చింది. కింద కలిపిన అంగుళంలో పావు తగ్గించాను. ఆ దుప్పటి ప్యాంటు ఇప్పటికీ ఇంట్లో వేసుకుంటున్నాను, అంత సుఖంగా ఉంది. పాలప్యాకెట్ తెచ్చుకోడానికి గేటు దాకా వెళ్ళాను కూడా.

ఇక బట్ట. విశాఖలో ఏప్రిల్ నుంచి అక్టోబరు దాకా ఉక్కపోతలో లెగ్గింగులూ జీన్సులూ ఎలా వేసుకుంటున్నామో నాకిప్పటికీ అర్థం కాదు. తడిసిన నాచులా ఒంటికి అతుక్కుపోతాయి. ఈ ఊరికి నూలు బట్టే దిక్కు. మన పక్కనే శ్రీకాకుళం జిల్లాలో పొందూరు ఉంది, వాలుగ చేప దవడతో దూదిని దువ్వి సన్న నూలు వడికే ఊరు. ఆ ఖాదీతో ప్యాంటు కుట్టుకోవాలని నాకు ఆశ. ఆ ధర బట్ట మీద నా కత్తెర పెట్టే ధైర్యం మాత్రం ఇంకా రాలేదు. మొదటిదానికి మీటరు నూటఎనభై రూపాయల మామూలు నూలు తీసుకున్నాను. నలభైనాలుగు అంగుళాల పన్నా (వెడల్పు), రెండున్నర మీటర్లు.

బట్ట తేగానే మిషనెక్కించాలని చెయ్యి దురదగా ఉంటుంది. వద్దు. ముందు ఒక రాత్రి నీళ్ళలో నానబెట్టి, ఆరేసి, ఇస్త్రీ చేయాలి. నూలు మొదటి ఉతుకులో నూటికి మూడు నుంచి ఐదు దాకా దగ్గరికి వస్తుంది. నలభై అంగుళాల పొడవు ప్యాంటులో అది రెండంగుళాల దాకా పోతుంది. ఇంత కష్టపడి కుదుర్చుకున్న సీటు లోతు కూడా దాంతోపాటే పోతుంది. పరిచేటప్పుడు నమూనా మీదున్న బాణం గుర్తు, బట్ట పొడవునా పోయే పడుగు దారం వెంటే ఉండాలి. బట్ట అంచు నుంచి ఆ బాణానికి రెండు కొసల దగ్గరా టేపుతో కొలిచి, ఒకటే వచ్చేదాకా జరపాలి. గుడ్డ మిగులుతుందని ఒక ముక్కని కాస్త పక్కకి తిప్పి కోశామా, ఉతికాక ఆ కాలు మెలి తిరుగుతుంది. బజారు ప్యాంట్లలో పక్క కుట్టు మోకాలి మీదికి తిరిగిపోతుందే, చాలాసార్లు కారణం అదే.

కుట్టడం మీద ఎక్కువ చెప్పను, తెలిసిన పనే. అయినా ఒక్క కుట్టు దగ్గర ఆగాలి. రెండు కాళ్ళనీ విడివిడిగా గొట్టాల్లా కుట్టేశాక, ఒక కాలిని తిరగేసి ఉంచి, రెండోదాన్ని సరైన వైపు పైకి ఉండేలా దాని లోపలికి దూర్చాలి. రెండింటి మంచి వైపులూ ఒకదానికొకటి తగులుతాయి. రెండు కాళ్ళ లోపలి వైపు (తొడల మధ్య వచ్చే) కుట్లనీ ఎదురెదురుగా తెచ్చి గుండుసూది గుచ్చాలి. ఇప్పుడు ముందు నడుము నుంచి వెనక నడుము దాకా ఒకే వంపు, గుర్రపు నాడాలాగా. మిషను ఆపకుండా, వంపులో చేత్తో గుడ్డని నెట్టకుండా, నెమ్మదిగా తిప్పుకుంటూ పోవాలి. కాలి మిషను సుఖం అక్కడ తెలుస్తుంది. కాలు ఎంత మెల్లగా ఆడిస్తే సూది అంత మెల్లగా దిగుతుంది. అడుగు వంపులో అదే గీత మీద రెండో కుట్టు. కింద నాలుగైదంగుళాల మేర మార్జిన్ పావు అంగుళానికి కత్తిరించేయాలి. అక్కడ గుడ్డ మందంగా ఉంటే నడిచినప్పుడల్లా ఒరుసుకుంటుంది. లోపలి కాలిని బయటికి లాగగానే, రెండు గొట్టాలు కాస్తా ప్యాంటు అయిపోతాయి. నాకైతే ఇప్పటికీ చిన్నపిల్లలా ఆశ్చర్యంగా ఉంటుంది.

ఎలాస్టిక్ ఎక్కించడంలో ఒక తప్పు చేశాను. పిన్నీసుకి గుచ్చి నడుము మడతలో తోసుకుంటూ పోయి, రెండు కొసలూ కలిపి కుట్టేసి, మడత మూసేసి, గర్వంగా వేసుకుని చూస్తే లోపలెక్కడో మెలి తిరిగి ఉంది. విప్పాల్సొచ్చింది. మూసేముందు చుట్టూ వేళ్ళతో తడిమి చూసుకుంటే ఈ తంటా లేదు. మూశాక రెండు పక్క కుట్ల దగ్గరా నిలువుగా ఒక్కో కుట్టు వేస్తే ఎలాస్టిక్ మళ్ళీ తిరగదు.

జేబుల సంగతి మర్చిపోయేదాన్ని. ఆడవాళ్ళ ప్యాంట్లకి జేబులుండవు, ఉన్నా రెండు వేళ్ళు పడతాయి. నా ప్యాంటుకి మొబైలూ, ఇంటి తాళాలూ, చిల్లరా పట్టే జేబులు పెట్టాను. జేబు సంచీ పై అంచుని నడుము మడతలోకి కలిపి కుట్టాలి. లేకపోతే ఫోను బరువుకి కిందికి వేలాడి తొడకి కొట్టుకుంటుంది. కాళ్ళ అంచు మడత కూడా అరంగుళంతో సరిపెట్టకుండా రెండంగుళాలు వేశాను. బీచ్ రోడ్డు మీద సాయంత్రం నడిచిన వాళ్ళకి ఎందుకో చెప్పక్కర్లేదు. పల్చటి పలాజో సముద్రపు గాలికి గొడుగులా తెరుచుకుంటుంది. మడత వెడల్పుంటే బరువుకి అణిగి ఉంటుంది. పొడవు మాత్రం చీలమండ దగ్గరే ఆపాను. నేలకి తాకే ప్యాంటుతో స్కూటీ స్టాండు వేయబోయి ఒకసారి పడబోయాను.

ఖర్చు లెక్క కూడా చెప్పాలి, లేకపోతే మోసం చేసినట్టవుతుంది. బట్ట నాలుగువందల యాభై, ఎలాస్టిక్కూ దారమూ యాభై, జిరాక్స్ రెండుసార్లు కలిపి దాదాపు నూటయాభై. ఆరువందల యాభై రూపాయలు, మూడు ఆదివారాలు. బజార్లో నాలుగువందలకి పలాజో దొరుకుతుంది. "కొండను తవ్వి ఎలుకను పట్టావు" అన్నారు మా ఆయన. ఇంట్లో కుట్టుకుంటే డబ్బు మిగులుతుందని చెప్పేవాళ్ళ మాట నమ్మకండి. మొదటిదానికి మిగలదు. రెండోదానికి కాగితం ఖర్చు లేదు, ఒక్క ఆదివారం చాలు. మూడోదాన్ని నేను రెండు సాయంత్రాల్లో కుట్టేశాను. ఆయన లెక్కలో రానిది ఇంకొకటుంది. ఏడు పాత ప్యాంట్లకీ ఇచ్చిన కుట్టుకూలి, వేసుకోలేక బీరువాలో పెట్టిన బట్టల ఖరీదు.

ఇంత చెప్పి టైలర్లని తక్కువ చేయడం నా ఉద్దేశం కాదు. టైలర్ అక్కకి ప్యాంటుకి ఇంతని కూలి. కొలతలు తీసి, కచ్చా కుట్టు వేసి, ట్రయల్ చూసి, విప్పి, మళ్ళీ కుడితే ఆ కూలి గిట్టదు. రోజుకి ఇన్ని కుడితేనే ఇల్లు గడిచే మనిషికి ఆదిని మించిన పద్ధతి లేదు. అలాంటప్పుడు ఆవిడ చేతికి మంచి ఆది ఇవ్వాల్సింది ఎవరు? నేనే కదా. మనలో అందరూ మిషను తొక్కలేరు, తొక్కక్కర్లేదు కూడా. కానీ ఆ నాలుగో కొలత తలుపేసుకుని తీసుకుని, ముందూ వెనకా వేరుగా ఉన్న కాగితం ఒకటి సిద్ధం చేసుకుంటే, కుట్టేది ఎవరైనా ఫరవాలేదు.

అందుకే పోయిన వారం కాగితం చుట్టగా చుట్టి టైలర్ అక్క దగ్గరికి వెళ్ళాను. తను నొచ్చుకుంటుందేమోనని కొంచెం టెన్షన్‌గానే ఉంది. "అక్కా, మీరు కుట్టింది బాగోలేదని కాదు..." అని నసుగుతుంటే, ఆవిడ కళ్ళజోడు సర్దుకుని కాగితం బల్ల మీద పరిచింది. ముందు ముక్క మీద చెయ్యి అలా ఆనించి వదిలేసింది. వెనక ముక్క వంపు మీద మాత్రం చూపుడువేలు రెండుసార్లు నడిపించింది.

"ఇంత వదిలేవేటమ్మా?"

"కింద కూర్చోడానికక్కా."

కాసేపు ఏమీ అనలేదు. తర్వాత స్టూలు మీంచి లేచి, నడుము వెనక చెయ్యి పెట్టుకుని చీర కుచ్చిళ్ళు సర్దుకుంది. "మా కోడలు నాకూ రెండు నైట్ ప్యాంట్లు తెచ్చిందమ్మా. మిషను దగ్గర కూర్చుంటే నడుం కిందికొచ్చేస్తున్నాయి. సిగ్గేసి మళ్ళీ చీరలే కడుతున్నాను" అంది. మెడలో వేలాడుతున్న టేపు తీసి నా చేతిలో పెట్టింది.

కొట్టు తలుపు సగం వేసి కొలతలు తీశాను. స్టూలు మీద కూర్చోబెట్టి ఒకసారి, కింద చాప మీద ఒకసారి. ఆవిడ సీటు నాకన్నా మూడంగుళాలు తక్కువ, ఆ చుట్టు కొలత మాత్రం నాకన్నా అరంగుళం ఎక్కువ. నా కాగితం ఆవిడకి పనికిరాదు, కొత్తది గీయాలి. మేకుకి ఉన్న నా పాత ఆదిని తీసి సంచిలో వేసుకుని, వచ్చేదారిలో రెండు పెద్ద చార్టులు కొన్నాను.